నేరేడు వగరు ఎంతవరకు మందు?

చరక సంహిత మందు ద్రవ్యాలను అవి చేసే పనినిబట్టి యాభై గణాలుగా విడదీసింది. ఒక్కో గణంలో పదేసి ద్రవ్యాలు. ఆ యాభైలో మూడు గణాలు నేరేడుతోనే మొదలవుతాయి. వాంతులు ఆపేవి ఒకటి, చెడిన మలం రంగును సరిచేసేవి ఇంకొకటి, అతిగా పోయే మూత్రాన్ని అదుపు చేసేవి మూడోది. మూడింటికీ ముందు నిలిచిన పేరు ‘జంబు’.

ఇవాళ తోపుడుబండి మీద నేరేడు పండ్లమ్మే మనిషి ఈ మూడింటి ఊసే ఎత్తడు. ‘‘షుగర్‌కు మంచిది సార్, అరకిలో తీసుకోండి’’ అంటాడు. కొనేవాళ్లు కూడా ఆ మాటకే కొంటారు. గింజలు ఎండబెట్టి పొడి కొట్టుకునేవాళ్లు, ఆ పొడి డబ్బాలు వందలు పోసి కొనేవాళ్లు, ‘ఇదుంటే మాత్రలెందుకు’ అని మానేసేవాళ్లు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని అంచనా వేసింది. అంతమంది చెవిన పడే మాట ఎంత నిజమో తేల్చుకోవాల్సిందే.

నేరేడుకు మందుగుణం ఉంది. అది ఎక్కువగా దాని వగరులో ఉంది. ఆ వగరు నోటికి, చిగుళ్లకు, కడుపుకు చేసే మేలును శాస్త్రం బాగానే వివరించగలదు. రక్తంలో చక్కెర దగ్గరికి వచ్చేసరికి మాత్రం మన నమ్మకం ముందు నడుస్తోంది, రుజువు ఇంకా వెనకే ఉంది.

చెట్టు, దాని చుట్టాలు

నేరేడు శాస్త్రీయ నామం సైజీజియం క్యుమిని. మిర్టేసీ కుటుంబం. జామ, లవంగం, నీలగిరి చెట్లు దీనికి దగ్గరి చుట్టాలు. లేత నేరేడాకు నలిపి వాసన చూస్తే ఈ చుట్టరికం కొంత తెలుస్తుంది. భారత ఉపఖండం, ఆగ్నేయాసియా దీని పుట్టిళ్లు. పూజ సంకల్పంలో మనం ఉన్న చోటును ‘జంబూద్వీపం’ అని చెప్పుకుంటాం కదా, అది ఈ చెట్టు పేరుమీద ఏర్పడిందే.

వేసవిలో పూసి, మృగశిర కార్తె వచ్చేసరికి పండుతుంది. పెద్ద కాయ కాసేది అల్లనేరేడు, చిన్న కాయది చిట్టినేరేడు. లక్నోలోని కేంద్ర ఉద్యాన పరిశోధన సంస్థ ‘జామ్వంత్’ లాంటి రకాలను ఎంపిక చేసి రైతులకు ఇచ్చింది. వాటిలో గుజ్జు ఎక్కువ, గింజ చిన్నది. అసలు గింజే లేని రకం కూడా అక్కడ ఉంది. తినేవాళ్లకు ఇది శుభవార్తే. చక్కెర మందుకని జనం వెతికేది మాత్రం ఆ గింజనే. బెరడు, ఆకు, పండు, గింజ ఒక్కోటీ ఒక్కో అవసరానికి వాడుకలోకి వచ్చాయి గనక ‘నేరేడు మంచిది’ అని ఎవరన్నా చెబితే ‘ఏ భాగం, దేనికి?’ అని అడగడం సబబు.

వగరు పనిచేసే తీరు

సగం పండిన నేరేడు కాయ నమిలి, నాలుకను అంగిలికి రాసి చూడండి. అప్పటిదాకా జారుడుగా ఉన్న నోరు గరుకెక్కుతుంది. మాట కూడా కాస్త తడబడుతుంది. మన లాలాజలంలో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం దండిగా ఉన్న ప్రొటీన్లు కొన్ని ఉంటాయి. నోటిని జారుడుగా ఉంచడంలో వాటిది పెద్ద పాత్ర. నేరేడులోని టానిన్లు వాటిని పట్టుకుని సన్నని ముద్దలుగా పేరుకునేలా చేస్తాయి. జారుడు పోయి నాలుకకూ అంగిలికీ రాపిడి పెరుగుతుంది. వగరంటే చాలావరకు ఈ రాపిడే.

ప్రొటీన్‌ను పట్టి బిగించడం టానిన్ స్వభావం. తంగేడు బెరడుతో తోళ్లు పదును చేసిన మన పల్లెల పని వెనక ఉన్నదీ ఇదే. తోలులోని కొల్లాజెన్ ప్రొటీన్‌కు టానిన్ అతుక్కుంటే అది కుళ్లదు, నీటికి చెడదు. నేరేడు బెరడును కూడా తోళ్లకూ, చేపల వలలకు రంగు వేయడానికీ వాడేవారు.

ఇదే పని ఒంటి మీద జరిగితే మందు. నోరు పూసినప్పుడు, చిగుళ్ల నుంచి నెత్తురు కారినప్పుడు నేరేడు బెరడు కషాయం పుక్కిలించమని పెద్దవాళ్లు చెబుతారు. పుండు పైపొరలో ఉన్న ప్రొటీన్లు టానిన్ తగలగానే గడ్డకట్టి సన్నని పొరలా ఏర్పడతాయి. ఊట తగ్గుతుంది, మంట తగ్గుతుంది, చిన్నపాటి రక్తస్రావం నెమ్మదిస్తుంది. స్త్రీలకు అధిక రక్తస్రావంలో ఆయుర్వేదం వాడే పుష్యానుగ చూర్ణంలో నేరేడు గింజ పప్పు, మామిడి జీడి పప్పు రెండూ ఉన్నాయి. రెండూ వగరువే. వగరుకు స్తంభన గుణం, అంటే కారేదాన్ని ఆపే గుణం ఉందని ఆయుర్వేదం చెప్పిన సూత్రం ఈ మందుల కూర్పులో స్పష్టంగా కనిపిస్తుంది.

నీళ్ల విరేచనాల్లో కూడా అంతే. పేగు లోపలి పొర నుంచి నీరు, లవణాలు అతిగా ఊరితే విరేచనాలవుతాయి. టానిన్లు ఆ పొర మీద పనిచేసి ఊటను కొంత తగ్గిస్తాయి. ‘ఇదంతా పాతకాలపు ఊహ’ అని తోసిపుచ్చేవాళ్లకు అమెజాన్ అడవుల నుంచి ఒక జవాబుంది. అక్కడ క్రోటాన్ లెక్లెరీ అనే చెట్టుకు గాటు పెడితే నెత్తురులాంటి ఎర్రని పాలు కారతాయి. స్థానిక జనం వాటిని విరేచనాలకు వాడేవారు. ఆ పాల నుంచి టానిన్ల జాతికే చెందిన ప్రోఆంథోసయనిడిన్ల మిశ్రమాన్ని శుద్ధి చేసి ‘క్రోఫెలెమర్’ అనే మందు తయారు చేశారు. పేగు గోడలో క్లోరైడ్‌ను బయటికి పంపే మార్గాలను అది అదుపు చేస్తుంది. క్లోరైడ్ ఆగితే దాని వెంట వచ్చే నీరూ తగ్గుతుంది. హెచ్ఐవీ చికిత్సలో ఉన్నవాళ్ల విరేచనాలకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2012లో దీన్ని అనుమతించింది.

నేరేడు బెరడుకు ఇంత దూరం పరీక్ష జరగలేదు. అయినా బెరడును వాడిన ఆలోచన సరైన దారిలోనే ఉందని క్రోఫెలెమర్ చెబుతోంది. పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే మాత్రం మొదట కావాల్సింది ఓఆర్ఎస్, జింక్. ఊట ఆపడం కన్నా పోయిన నీటిని తిరిగి ఒంట్లోకి చేర్చడమే ప్రాణం నిలుపుతుంది.

కడుపులో వెంట్రుకలు కరుగుతాయా?

తెలుగు ఇళ్లలో నేరేడు కాలం రాగానే వినిపించే మాట ఒకటుంది: ‘ఏడాదికొక్కసారైనా నేరేడు పండు తినాలి, కడుపులో పోయిన వెంట్రుకలు కరిగిపోతాయి.’ వెంట్రుక కెరటిన్ అనే ప్రొటీన్‌తో తయారైంది. గంధకపు బంధాలు దాన్ని గట్టిగా కట్టి ఉంచుతాయి. మన జీర్ణాశయంలోని ఆమ్లం దాన్ని కరిగించలేదు, నేరేడు రసం అంతకన్నా కరిగించలేదు. అన్నంలో వచ్చిన ఒకటీ అరా వెంట్రుకలు వాటంతట అవే మలంలో పోతాయి. జుట్టు నమిలే అలవాటున్న కొందరు పిల్లల్లో అవి ఉండగా పేరుకుంటే, తీయడానికి సాధారణంగా శస్త్రచికిత్సే చేయాల్సి వస్తుంది.

తమాషా ఏమిటంటే, వగరు మితిమీరితే కడుపులో ఉండలు కట్టడం కూడా వైద్యులకు తెలిసిన విషయమే. పర్సిమన్ అనే విదేశీ పండును పచ్చిగా, ఎక్కువగా తిన్నవాళ్లలో దాని టానిన్లు ఆమ్లంతో కలిసి గట్టి ముద్దగా మారిన సందర్భాలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. నేరేడు అంత ప్రమాదకారి కాదు. కానీ ఉండలు కరిగించే పేరు వగరు పండుకు దక్కడం విడ్డూరమే.

నాలుక మీద ఊదారంగు

నేరేడు తిన్న పిల్లలు నాలుక బయటపెట్టి ఎవరిది ఎక్కువ రంగో పోటీ పడతారు. డెల్ఫినిడిన్, పెట్యునిడిన్, మాల్విడిన్ అనే ఆంథోసయనిన్లు ఆ రంగుకు మూలం. చొక్కా మీద నేరేడు మరక పడితే సబ్బు రాసి చూడండి, ఊదా కాస్తా నీలంగా మారుతుంది. దాని మీద నిమ్మరసం పిండితే ఎరుపుకు తిరుగుతుంది. క్షారంలో ఒక రూపం, ఆమ్లంలో ఇంకో రూపం తీసుకోవడం ఈ అణువుల లక్షణం. బడిలో లిట్మస్ కాగితం లేకపోతే నేరేడు రసం ఆ లోటు తీరుస్తుంది.

వీటికి ‘యాంటీ ఆక్సిడెంట్’ గుణం ఉందన్న మాట నిజమే, గాజు గొట్టంలో. తిన్న ఆంథోసయనిన్లలో రక్తంలోకి చేరేది బహు స్వల్పం. మిగతావి పెద్దపేగులో సూక్ష్మజీవుల చేతిలో వేరే పదార్థాలుగా మారిపోతాయి. వాటి ప్రభావం ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. కాబట్టి రంగు చూసి మురిసిపోవచ్చు, రోగం పోతుందని మాత్రం మాట ఇవ్వలేం.

మూత్రం నుంచి చక్కెరకు

ఆయుర్వేదం ప్రమేహాన్ని ఇరవై రకాలుగా చెప్పింది. మధుమేహం అందులో ఒకటి. మూత్రం అతిగా పోవడం వీటన్నిటికీ ఉమ్మడి గుర్తు. కారేదాన్ని వగరు ఆపుతుంది, మూత్రం కారిపోతోంది, కాబట్టి వగరు ద్రవ్యాలు వాడాలి. ఆ కాలపు తర్కం ఇలా నడిచి ఉంటుంది. నేరేడుకు మూత్రాన్ని అదుపు చేసే గణంలో మొదటి చోటు దక్కడం దీనికి సరిపోతుంది.

అయితే మధుమేహంలో మూత్రం ఎందుకు పెరుగుతుందో ఇప్పుడు మనకు తెలుసు. రక్తంలో గ్లూకోజ్ డెసీలీటరుకు దాదాపు 180 మిల్లీగ్రాములు దాటితే, మూత్రపిండాలు దాన్నంతా వెనక్కి లాక్కోలేవు. మిగిలిన చక్కెర మూత్రంలోకి జారుతుంది, తనతో నీటినీ లాక్కుపోతుంది. అంటే మూత్రం పెరగడం రోగం కాదు, రోగం తాలూకు ఫలితం. తగ్గించాల్సింది రక్తంలోని చక్కెరను.

19వ శతాబ్దం చివర్లో నేరేడు గింజ ‘జంబుల్’ పేరుతో ఐరోపా, అమెరికా మందుల షాపుల దాకా వెళ్లింది. అప్పటికి ఇన్సులిన్ లేదు. టొరంటోలో బాంటింగ్, బెస్ట్ 1921లో దాన్ని వేరుచేసి, మరుసటి ఏడు జనవరిలో ఒక పద్నాలుగేళ్ల బాలుడికి ఎక్కించేదాకా మధుమేహానికి వైద్యులు ఏది దొరికితే అది ప్రయత్నించారు. ఇన్సులిన్ వచ్చాక జంబుల్ పక్కకు జరిగింది. మన దగ్గర మాత్రం ఆయుర్వేద వైద్యులూ, యునానీ హకీములూ వాడుతూనే ఉన్నారు. కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలి మధుమేహం కోసం రూపొందించిన ‘ఆయుష్-82’లో కాకర, పొడపత్రి, మామిడి జీడితో పాటు నేరేడు గింజ కూడా ఉంది.

పరీక్షకు నిలబడిందా?

గింజలో ఎల్లాజిక్, గాలిక్ ఆమ్లాలు, వాటితో ఏర్పడిన టానిన్లు పుష్కలం. పిండిపదార్థాన్ని గ్లూకోజ్‌గా విడగొట్టే ఆల్ఫా గ్లూకోసైడేజ్ వంటి ఎంజైములను గింజ సారం అడ్డుకుంటుందని ప్రయోగశాలలో చూశారు. వాడుకలో ఉన్న అకార్బోస్ మాత్ర చేసే పని ఇదే. మధుమేహం తెప్పించిన ఎలుకలకు గింజ సారం ఇస్తే చక్కెర తగ్గిందని చెప్పే పరిశోధన పత్రాలు మన దేశం నుంచి చాలానే వచ్చాయి. కానీ టానిన్‌కు ఏ ప్రొటీన్ ఎదురుపడినా పట్టుకునే గుణముందని చూశాం కదా. ఎంజైములు కూడా ప్రొటీన్లే. గాజు గొట్టంలో వాటిని అడ్డుకోవడం వగరు పదార్థాలకు సులువు. అన్నం, పప్పు, కూర కలిసిన పేగులో అంత సూటిగా జరుగుతుందని చెప్పలేం.

మనుషుల మీద జరిగిన పరీక్షల్లో చెప్పుకోదగ్గది బ్రెజిల్‌లోనిది. మన నేరేడు అక్కడికి వెళ్లి నాటుకుంది. దక్షిణ బ్రెజిల్ జనం గింజల బదులు ఆకులతో టీ కాచుకుని చక్కెర వ్యాధికి తాగుతారు. పోర్టో అలెగ్రెలో టెయ్‌షెయిరా బృందం ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టింది. కొందరు రోగులకు నేరేడాకు టీ, ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. మరికొందరికి ఉత్తుత్తి టీ, గ్లైబ్యురైడ్ అనే అసలు మాత్ర ఇచ్చారు. ఎవరికి ఏది అందిందో రోగికీ తెలియదు, వైద్యుడికీ తెలియదు. 2004లో ‘డయాబెటిస్ కేర్’ పత్రికలో ఫలితం వచ్చింది. మాత్ర తీసుకున్నవాళ్లకు పరగడుపు చక్కెర తగ్గింది, ఆకు టీ తాగినవాళ్లకు తగ్గలేదు.

‘అది ఆకు, మేం వాడేది గింజ’ అని మనవాళ్లు అనవచ్చు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. గింజల పొడితో మన దేశంలో జరిగిన చిన్న పరీక్షల్లో కొన్ని అనుకూల ఫలితాలు వచ్చాయి. కానీ మందుకు గుర్తింపు రావాలంటే వందలమంది రోగులతో, ఏళ్ల తరబడి, ఒకే నాణ్యత గల పొడితో పరీక్షలు కావాలి. నేరేడుకు లోటు అక్కడే.

మామిడి వెళ్లాక నేరేడు

‘పరీక్షలతో మాకేం పని? నేరేడు తిన్న నెలలో నాకు షుగర్ తగ్గింది’ అనేవాళ్లు ఉంటారు. వాళ్లు అబద్ధం ఆడటం లేదు. క్యాలెండర్ ఒకసారి చూడండి. ఏప్రిల్, మే నెలల్లో మామిడిపండ్లు, పెళ్లి భోజనాలు, ఎండకు భయపడి నడక మానేయడం. జూన్ నడిమికి మామిడి తగ్గుతుంది, పెళ్లిళ్లు తగ్గుతాయి, వాతావరణం చల్లబడి నడక మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే నేరేడు బండ్లు వస్తాయి. జులైలో చక్కెర తగ్గితే ఆ ఘనత ఎవరిది? వచ్చిన నేరేడుదా, వెళ్లిన మామిడిదా? పోలిక కోసం నేరేడు తినని మరో గుంపు లేకపోతే చెప్పడం కష్టం. బ్రెజిల్‌లో ఉత్తుత్తి టీ కాచింది ఇందుకే.

ఇంకో చిక్కుంది. మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు అంటిన గ్లూకోజ్‌ను కొలుస్తుంది. ఆ కణం ఆయుష్షు సుమారు 120 రోజులు. నేరేడు పండు కాలం అంత పొడవు ఉండదు. పండు తిన్న కొద్ది వారాల ప్రభావాన్ని ఆ సగటులోంచి విడదీసి చూడటం సాధ్యం కాదు.

ఆపిల్ బెరడు నేర్పిన పాఠం

పండ్ల చెట్టు బెరడు నుంచి నిజంగానే మధుమేహం మందు వచ్చింది. అది నేరేడు నుంచి కాదు, ఆపిల్ నుంచి. 1835లో ఆపిల్ చెట్టు వేరు బెరడు నుంచి ఫ్లోరిజిన్ అనే చేదు పదార్థాన్ని వేరుచేశారు. చేదుగా ఉంది గనక జ్వరాలకు పనికొస్తుందనుకున్నారు. 1886లో జర్మన్ వైద్యుడు ఫాన్ మేరింగ్ దాన్ని కుక్కలకు ఇస్తే వాటి మూత్రంలో చక్కెర కనబడింది. చాలాకాలం దాన్ని మధుమేహాన్ని పోలిన స్థితి తెప్పించడానికే వాడారు.

మూత్రపిండాల్లో చక్కెరను వెనక్కి లాగే ఎస్‌జీఎల్‌టీ2 అనే ప్రొటీన్‌ను ఫ్లోరిజిన్ అడ్డుకుంటుందని తర్వాతి కాలంలో తేలింది. అయితే అది పేగులో సరిగా ఇంకదు, విరేచనాలు తెస్తుంది. రసాయన శాస్త్రవేత్తలు దాని రూపం మార్చి గ్లిఫ్లోజిన్లు తయారు చేశారు. డపాగ్లిఫ్లోజిన్‌కు 2012లో ఐరోపా అనుమతి వచ్చింది. ఇప్పుడు మన ఊళ్ల మందుల షాపుల్లోనూ దొరుకుతోంది. మధుమేహంతో పాటు గుండె వైఫల్యానికి, మూత్రపిండాల జబ్బుకు కూడా రాస్తున్నారు.

ఇందులో ఒక మలుపు గమనించండి. పాత వైద్యం మూత్రాన్ని బిగించాలని చూసింది. ఈ మందు అందుకు విరుద్ధంగా చక్కెరను మూత్రంలోకి కావాలనే వదిలేస్తుంది. బెరడు నుంచి మాత్ర దాకా 177 ఏళ్లు పట్టింది. ఆ దారిలో మొదటి ఊహ తప్పని తేలింది, పదార్థాన్నీ మార్చాల్సి వచ్చింది. చెట్టుకు మందుగుణం ఉందని తెలియడం తొలి మెట్టే.

ఇంట్లో ఏం చేయవచ్చు?

పండు హాయిగా తినండి. నూరు గ్రాముల పండులో ఎనభై గ్రాములకు పైగా నీళ్లే. మామిడి, అరటి, సపోటా తినాలని ఉండి జంకే మధుమేహ రోగికి గుప్పెడు నేరేడు పండ్లు మంచి బదులు. రసం తీసి పంచదార కలిపి తాగితే ఆ ప్రయోజనం అక్కడే పోతుంది. పండ్లను ఉప్పు నీళ్లలో కాసేపు ఉంచి కడిగి తినడం మంచి అలవాటు. చెట్టు కింద రాలి చితికిన వాటిని వదిలేయడమే మేలు.

గింజల పొడి వాడేవాళ్లు గింజలను గుజ్జు పోయేదాకా కడిగి, నీడలో బాగా ఆరబెడతారు. ఎండాక పై పొట్టు గోరుతోనే పెళుసుగా విడిపోతుంది. లోపలి పప్పును దంచి జల్లిస్తే గోధుమ రంగు పొడి వస్తుంది. తేమ ఉంటే బూజు పడుతుంది, ఆ పొడి పారబోయాల్సిందే. వాడాలనుకుంటే వైద్యుడికి చెప్పి వాడండి. చక్కెర తగ్గించే మాత్రలకు ఇది తోడైతే చక్కెర మరీ పడిపోయే అవకాశాన్ని ఆయన చూసుకుంటారు. శస్త్రచికిత్సకు ముందు ఈ సంగతి తప్పక చెప్పాలి. రక్తహీనత ఉన్నవాళ్లు అన్నంతో పాటు వగరు పొడులు తీసుకోకూడదు. టానిన్లు ఆహారంలోని ఇనుమును పట్టుకుని ఒంటికి అందనివ్వవు. మలబద్ధకం ఉన్నవాళ్లకూ ఇది సరిపడదు.

‘మూడు రోజుల్లో షుగర్ దిగుతుంది’ అని అమ్మే డబ్బాలను అనుమానించండి. మూలికల పొడి పేరుతో అమ్మిన మధుమేహ మందుల్లో గ్లిబెన్‌క్లమైడ్, మెట్‌ఫార్మిన్ వంటి అల్లోపతి మాత్రల పొడి కలిపిన ఉదంతాలు పలు దేశాల్లో బయటపడ్డాయి. పొడి అంత వేగంగా పనిచేస్తే మూలిక మహిమ అనుకునే ముందు అందులో ఇంకేముందో ఆలోచించాలి.

అన్నిటికన్నా ముఖ్యం: డాక్టరు రాసిన మాత్ర, ఇన్సులిన్ ఏ పండు కోసమూ ఆపకండి. మధుమేహం నొప్పి పెట్టకుండానే కంటిని, మూత్రపిండాన్ని, పాదాన్ని తినేస్తుంది. మాత్రలు మానేసిన నెలలో ఒంట్లో ఏ తేడా తెలియకపోవచ్చు. తెలిసేసరికి జరగాల్సిన నష్టం జరిగిపోతుంది.

చరకుడి జాబితాలో మొదటి పేరు దక్కించుకున్న చెట్టును తేలిగ్గా తీసిపారేయనక్కర్లేదు. దాని గింజను ఒకే నాణ్యతతో తయారు చేసి, ఉత్తుత్తి పొడితో పోల్చి, పెద్ద సంఖ్యలో రోగులపై ఏళ్ల తరబడి పరీక్షిస్తే విషయం తేలిపోతుంది. చెట్టు మన దగ్గరే ఉంది, కోట్లమంది రోగులూ మన దగ్గరే ఉన్నారు. ఆ పరీక్ష చేయాల్సిన బాధ్యత కూడా మనదే.